రెండు వేళ్ళ వదులు

నా మంచి కోరే వదినకి,

మీ మరదలు చేతులు జోడించి రాసేది. చేతులు జోడించి అని అలవాటుగా రాసేశాను గానీ వదినా, ఆ జోడించడం దగ్గరే ఉంది నా గొడవంతా. ఎడమ చేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టు ఉంటుంది రాత. ఓపిగ్గా చదవండి. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో మీరు "ఎలా ఉన్నావే?" అనగానే నా నోటికి "బాగున్నాను" తప్ప ఇంకో మాట రాదు. ఇప్పుడు కొత్తగా వచ్చిన జబ్బు కాదు అది, పుట్టుకతో వచ్చిందే.

మొన్న ఆయన మీతో ఫోనులో మాట్లాడుతుంటే వంటింట్లోంచి విన్నాను. "దీనికి మతి చెడిందక్కా. నెలాఖరుకి వాళ్ళ తమ్ముడి ఇంటికి పంపేస్తున్నా. కుదుటపడ్డాక తెచ్చుకుంటా" అన్నారు. మీరేమన్నారో నాకు వినపడలేదు. అందుకే ఈ ఉత్తరం. మీ తమ్ముడు ఈ లోకంలో మాట వినేది మీదొక్కటే. నన్ను ఈ ఇంట్లోంచి పంపొద్దని చెప్పండి. ఎందుకు పంపొద్దంటున్నానో అంతా రాస్తాను. చదివాక మీకూ పిచ్చి అనిపిస్తే, అప్పుడు పంపించెయ్యమనండి. మారుమాట్లాడకుండా వెళతాను.

పోయిన వానాకాలం కొట్టు మెట్ల మీద జారి పడ్డానని మీకు తెలుసు. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టారు, విప్పారు. డాక్టరుగారు ఎక్సరే ఫిల్ము వెలుతురుకి పెట్టి, "చూడమ్మా, విరిగిన గీత కూడా కనపడట్లేదు, శుభ్రంగా అతుక్కుంది" అన్నారు. ఎముక శుభ్రంగానే అతుక్కుంది. నొప్పి మాత్రం తన సామాను సర్దుకుని వెళ్ళలేదు. మణికట్టులో ఉన్నది మోచేతికి పాకింది, అక్కణ్ణించి భుజం ఎక్కి కూర్చుంది. ఫ్యాను గాలి తగిలితే మరిగే నీళ్ళు చల్లినట్టు ఉంటుంది. బట్ట రాసుకుంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టు. వడ్రంగి పెళ్ళాన్ని కదా, ఉప్పుకాగితం దేన్ని ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు.

నొప్పి ఒక్కటే అయితే పళ్ళు బిగించి ఓర్చుకునేదాన్ని. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. నా చేయి పెరిగింది వదినా. కళ్ళు తెరిచి చూస్తే మామూలు చేయే. కళ్ళు మూసుకున్నానా, తలగడంత అవుతుంది. వేళ్ళు ఎక్కడున్నాయో తెలీదు. ఒక్కోసారి మధ్యవేలు లేనే లేదనిపిస్తుంది. చిటికెనవేలు పోయి పోయి అరచేతి నడుమ మొలిచినట్టుంటుంది. పొద్దున్నే ప్రార్థనకి కూర్చుని చేతులు జోడిస్తే, నా ఎడమ చేయి వెళ్ళి ఎవరిదో పెద్ద చేతికి ఆనినట్టుంటుంది. దేవుడి ముందు ముక్కూ మొహం తెలియని మనిషితో కలిసి దణ్ణం పెట్టుకుంటున్నట్టు. అందుకని ఇప్పుడు కళ్ళు తెరుచుకునే ప్రార్థన చేస్తున్నాను. చూస్తుంటే చేయి కాస్త తన కొలతలో ఉంటుంది. దేవుడేమనుకుంటున్నాడో గానీ మందిరంలో పక్కన కూర్చునేవాళ్ళు మాత్రం ఎవరేం కట్టుకొచ్చారో చూడ్డానికి వస్తున్నాననుకుంటున్నారు.

చేయి పెరిగితే దాని చుట్టూ చోటు తగ్గాలి కదా. తగ్గింది. మా ఇంట్లో ఎడమవైపు ఎక్కడి గోడ అక్కడే ఉంది. కుడివైపు మాత్రం గోడా, బీరువా, కుర్చీ, మనుషులూ అంతా నా మీదికి జరిగి కూర్చున్నారు. వంటగది గుమ్మం నాకు చాలదు. పక్కకి తిరిగి, చేతిని వెనక్కి దాచుకుని దాటుతాను. వీధిలో కుడివైపు నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ళింకా ఎక్కడో ఉండగానే ఒళ్ళంతా ముడుచుకుపోతుంది. పోనీ అన్నీ దగ్గరయ్యాయా అంటే అదీ కాదు. అదే కుడివైపు బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసు అందుకుందామంటే పక్క ఊళ్ళో ఉన్నంత దూరం. నా మీదికి వచ్చేవన్నీ దగ్గర, నాకు కావలసినవన్నీ దూరం. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు కొట్టుకి వెళ్ళే వీధి కూడా సాగుతుంది. మందుల షాపు దాటగానే తాళాలు బాగుచేసేవాడి బడ్డీ రావాలి. రాదు. ఎవరో మధ్యలో కొత్తగా రోడ్డు తెచ్చి అతికించినట్టుంటుంది.

ఇక మీ తమ్ముడి సంగతి. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన పడుకునేది నా కుడివైపే. ఆయన అటు తిరిగి పడుకున్నా సరే, మంచం సగం నా చేతి మీదే ఉన్నట్టుంటుంది. ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు కింద పక్క వేసుకున్నాను. పొద్దున్నే అడిగారు.

"నేనేమన్నా కంపు కొడుతున్నానా?"

"లేదండీ."

"మరేంటి? గురక పెడుతున్నానా?"

"గురక ఎప్పుడూ ఉన్నదే కదండీ."

"మరి?"

మరి అని అడిగారు కదా అని ఉన్నదున్నట్టు చెప్పాను. చేయి ఇంతయిందని, కుడివైపు చోటు లేదని. విన్నారు. టీ గ్లాసు కింద పెట్టారు. లేచి వెళ్ళి పనిముట్ల సంచీలోంచి ఇనుప టేపు తెచ్చారు. అప్పుడే పైవాటా ఆవిడ చీపురు అడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ ఉందనైనా ఊరుకోలేదు.

"చెయ్యి చాపు."

"ముట్టుకోకండి, మీకు దణ్ణం."

"నేను ముట్టుకోను. టేపు ముట్టుకుంటుంది."

ఆ టేపు చల్లదనం ఇప్పటికీ చేతి మీదే ఉంది వదినా. మణికట్టు కొలిచారు, అరచెయ్యి కొలిచారు, ఒక్కో వేలూ కొలిచారు. తర్వాత ఎడమ చేయి. "చూశారా అమ్మా, రెండూ సమానం. ఒక్క నూలు తేడా లేదు" అన్నారు పైవాటా ఆవిడతో. నాతో కాదు. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "నిద్ర సరిపోవట్లేదేమో లెండి" అంది. చీపురు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. కొలతలు తప్పని నేను అనలేదు వదినా. నేనూ కొలతల మనిషినే. టేపు అబద్ధం చెప్పదని నాకూ తెలుసు. టేపు చెప్పేదీ నిజమే, నాకు తెలిసేదీ నిజమే. రెండు నిజాల మధ్య నలిగేది నా చెయ్యి.

కొట్టులో పని కూడా అందుకే పోయింది. అది ఎలా పోయిందో ఆయన మీకు చెప్పి ఉండరు. మా రెడీమేడ్ బట్టల కొట్టు వెనక గదిలో నాది బట్ట ఒంటికి సరిగ్గా పట్టిందో లేదో చూసే పని కదా. కొన్నవాళ్ళు బట్ట తొడుక్కుని నిలబడితే, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో చూసి పిన్నులు పెట్టి కుట్టేవాళ్ళకి ఇస్తాను. మా గదిలో ఎవరూ టేపు పట్టరు. కాలరులోకి కుడి చేతి రెండు వేళ్ళు దూర్చి చూస్తాం. వేళ్ళు తేలిగ్గా తిరిగితే సరిపోయినట్టు. నడుము పట్టీకీ అంతే, చొక్కా చేతి అంచుకీ అంతే. "రెండు వేళ్ళ వదులు" అంటాం. నాకు పని నేర్పినావిడ అలాగే నేర్పింది, నేను వచ్చినవాళ్ళకి అలాగే నేర్పాను. ఇప్పుడు నా రెండు వేళ్ళు ఏ కాలరులోకి వెళ్ళినా ఇరుకే. మనిషికి ఊపిరాడదేమో అనిపిస్తుంది. వదులు చెయ్యమని గుర్తు పెట్టేస్తాను. ఒక ఆఫీసు కాపలావాళ్ళ బట్టలన్నీ ఒకేసారి వచ్చాయి. అన్నీ నేనే చూశాను. తొడుక్కుని వరసగా నిలబడితే అన్నల చొక్కాలు వేసుకున్న తమ్ముళ్ళలా ఉన్నారట. వాళ్ళ ఆఫీసరు ఒకడి కాలరులో ఏకంగా పిడికిలి దూర్చి చూపించాడట. యజమాని మంచివాడు, అరవలేదు. "అమ్మా, మీ వేళ్ళు మాకు ఇంతకాలం అన్నం పెట్టాయి. కొన్నాళ్ళు వాటికి విశ్రాంతి ఇవ్వండి" అన్నాడు. అరిచినా బాగుండేది.

ఆసుపత్రిలో చేతికి కసరత్తు చేయించే అమ్మాయి ఒకతి ఉంది. ఆమెకి ఇదంతా భయపడుతూ చెబితే నవ్వలేదు. "కొందరికి ఇలా అవుతుందమ్మా. చేయి మానుతుంది గానీ మెదడులో ఉన్న చేయి బొమ్మ చెదిరిపోతుంది. మీకు పిచ్చి కాదు" అంది. వరండాలో గోడ పట్టుకుని ఏడ్చాను. ఆ మాట వినడానికి మీ తమ్ముడు లోపల లేరు, బయట ఆటో బేరం ఆడుతున్నారు. ఇంటికొచ్చాక చెబితే, "రోజూ వస్తే వాళ్ళకి పని, అందుకని అలాగే చెబుతారు" అన్నారు.

ఇప్పుడు చెప్పండి. ఈ ఇంట్లో కుడివైపు ఏది ఎక్కడుందో కళ్ళతో చూసి చూసి బట్టీ పట్టాను. గోడ మీదికొస్తున్నా అది రాదని నాకు నేను చెప్పుకోగలను. తమ్ముడి ఇంట్లో ఏ గోడ ఎక్కడుందో నాకు తెలీదు. పిల్లలు ఏ వైపు నుంచి పరిగెత్తుకొస్తారో తెలీదు. కొత్త ఇల్లంటే నాకిప్పుడు లోతు తెలియని నీళ్ళు. పుట్టింటికే కదా పంపుతున్నాను అంటారు ఆయన. నా ఒంట్లో నాకే చోటు లేనప్పుడు పుట్టిల్లయితేనేం? నన్ను పంపొద్దని చెప్పండి.

మీ దీవెన కోసం చూసే
మీ మరదలు


వదినకి,

మీ ఉత్తరం అందింది. నవ్వు మరిచిపోయి చాలా కాలమైంది, మీరు నవ్వించారు. "చెయ్యి తలగడంత అయితే మంచిదేనే, మా మొద్దుకి ఒక్కటిస్తే చాలు, మళ్ళీ టేపు జోలికి పోడు" అని రాశారు కదా, ఆ ముక్క ఆయన పక్క గదిలో ఉండగా చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ కిందే ఇంకో మాట రాశారు. "నీ చెయ్యి సంగతి నాకు ముక్క అర్థం కాలేదు. కానీ నువ్వు చెప్పావంటే అది నిజమే." ఆ ఒక్క ముక్క రోజూ తీసి చదువుకుంటున్నాను. మీ ఇంటికి వచ్చి ఉండమన్నారు. మీరు అన్నదే చాలు. రాలేను వదినా. మీ ఇల్లయినా కొత్త ఇల్లే కదా నాకు.

మీరు ఫోనులో ఏం తిట్టారో గానీ ఆయన రెండు రోజులు చెవులు ఎర్రగా చేసుకుని తిరిగారు. పంపించే మాట మానేశారు. మూడో రోజు వంటగది గుమ్మం ముందు నిలబడి దాన్ని ఎగాదిగా చూశారు. నన్ను పిలిచారు.

"ఇదేనా నీకు ఇరుకయ్యేది?"

"ఇదే."

"కుడివైపేనా?"

"వెళ్ళేటప్పుడు కుడి. వచ్చేటప్పుడు అటువైపు."

నెత్తి గోక్కున్నారు. "అయితే రెండువైపులా తియ్యాలి" అన్నారు.

నాకు అప్పుడే చెప్పాలనిపించింది వదినా. చోటు గుమ్మంలో తక్కువ కాలేదండీ, నా లోపల తక్కువైంది అని. కానీ ఇన్ని నెలల తర్వాత నా చేతి గురించి నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఆ మొహంలో కోపం లేదు, పని దొరికినప్పటి వెలుగుంది. చెప్పలేకపోయాను. అంతే, మర్నాడు గోడ పగలగొట్టారు. పాత ద్వారబంధం ఊడదీశారు. ఇల్లంతా దుమ్ము. ఆ దుమ్ము చేతి మీద పడితే నిప్పురవ్వలు పడ్డట్టే, అయినా తట్టుకున్నాను. ఎక్కడో దాచుకున్న మంచి టేకు తీసి, చిత్రిక పట్టి పట్టి అద్దంలా చేశారు. ఎవరింటికో బీరువా చెయ్యాల్సిన పని ఆపి మరీ చేశారు. మీ తమ్ముడి పనితనం మీకు తెలుసు కదా. అంత అందమైన గుమ్మం మా వీధిలో ఎవరింట్లోనూ లేదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచి వెళ్ళొచ్చు.

అంతా అయ్యాక మొహం కడుక్కుని, చొక్కా మార్చుకుని వచ్చి నిలబడ్డారు. పైవాటా ఆవిడా వచ్చింది, ఎదురింటివాళ్ళూ వచ్చారు. "ఊఁ, వెళ్ళు" అన్నారు. ఏదో రిబ్బను కత్తిరించడానికి పిలిచిన పెద్దమనిషిలా నిలబడ్డాను నేను. దేవుణ్ణి ఎంత వేడుకున్నానో ఆ క్షణంలో మీకు చెప్పలేను. స్వామీ, నన్ను నేరుగా నడిపించు, ఈ ఒక్కసారికి, ఆయన కోసం అనుకున్నాను. కళ్ళతో చూస్తున్నాను, ఎంత చోటుందో తెలుస్తూనే ఉంది. మనసులో కొలుచుకున్నాను కూడా. అడుగు వేశాను. గడప దగ్గరికి వచ్చేసరికి ఆ టేకు బద్ద లేచి నా చేతి మీదికి వచ్చింది. రాలేదు, వచ్చినట్టయింది. నా ఒళ్ళు నన్ను అడక్కుండానే పక్కకి తిరిగింది. అంత వెడల్పు గుమ్మంలోంచి గోడకి అంటుకుపోయిన బల్లిలా దాటాను.

ఎదురింటావిడ కిసుక్కుమంది. తిరిగి ఆయన మొహం వైపు చూడలేకపోయాను.

"ఇంకెంత వెడల్పు చెయ్యమంటావు? గోడ మొత్తం తీసేయనా? ఇల్లే తీసేయనా?"

అరవలేదు. మామూలుగానే అడిగారు. నిజంగా చెబితే నిజంగా తీసేసేలా ఉన్నారు. పనిముట్లు సర్దుకుని పెరట్లో తన పని షెడ్డులోకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి ఆయన ఆ గుమ్మం దాటట్లేదు. భోజనం షెడ్డులోకే తెమ్మంటున్నారు. కంచం పట్టుకుని నేను రోజుకి ఎన్నిసార్లు ఆ గుమ్మంలో పక్కకి తిరుగుతున్నానో అక్కణ్ణించి ఆయనకి కనపడుతూనే ఉంటుంది. ఇదివరకు నాకు మతి లేదనుకునేవారు. ఇప్పుడు నేను కావాలని చేస్తున్నాననుకుంటున్నారు. మొదటిదే నయం వదినా. మతి లేనిదాని మీద జాలైనా ఉంటుంది.

మళ్ళీ తమ్ముడికి ఫోను చేశారు. నెలాఖరు దాకా కూడా ఆగేలా లేరు. మీరు ఇంకేమీ చెప్పకండి. చెప్పినకొద్దీ ఇంకేదో పగలగొడతారు. దేవుడు ఎలా నడిపిస్తే అలా. పక్కకి తిరిగైనా సరే.

మీ మరదలు


వదినా,

ఇది చదివి ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. తర్వాత నాకు ఒక మంచం సిద్ధం చెయ్యండి. శనివారం పొద్దున బండికి బయలుదేరి మీ దగ్గరికి వస్తున్నాను.

ఏమైందో మొదట్నుంచీ చెబుతాను. పోయినవారం ఒకరోజు మధ్యాహ్నం కంచం తీసుకుని షెడ్డులోకి వెళితే ఆయన, "అది అక్కడ పెట్టి ఇలా కూర్చో" అన్నారు. ముందు బల్ల మీద వెడల్పాటి చెక్క పలక ఒకటి పడుకోబెట్టి ఉంది. చేతిలో పెన్సిలు.

"కళ్ళు మూసుకో."

"దేనికండీ?"

"మూసుకోవే. ఎడమ చేత్తో చూపించు. ఆ చెయ్యి ఎంతుందో. ఉన్నంత కాదు. నీకు తెలిసినంత."

నాకు సిగ్గేసింది వదినా. నలుగురిలో ఒంటి మీద బట్ట తియ్యమన్నట్టు అనిపించింది. అయినా మూసుకున్నాను. ఎడమ చేయి గాలిలో జరుపుతుంటే కింద పలక మీద పెన్సిలు గీరుకుంటున్న చప్పుడు. "బొటనవేలు ఇక్కడేనా?" "ఇంకా బయటికి." "ఇంతా?" "ఇంకొంచెం. ఊఁ, అక్కడ." "మధ్యవేలు?" "అది ఇవాళ లేదు." ఒక్క క్షణం పెన్సిలు ఆగింది. "సరే" అన్నారు. కొట్టులో నేను పిన్నులు పెట్టేటప్పుడు ఎదుటి మనిషిని అడిగినట్టే అడిగారు, ఒక్క ఎకసెక్కెం లేకుండా. మా ఇద్దరి మధ్యా ఏడాదిగా అంత మంచి మాటలు నడవలేదు.

సాయంత్రానికి దాన్ని కోసి, నన్ను మళ్ళీ షెడ్డులోకి పిలిచారు. మోచేతి నుంచి మొదలై, మణికట్టు దగ్గర తొడంత లావై, తలగడంత అరచెయ్యి. ఒక వేలు లేదు. చిటికెనవేలు మధ్యలో. బొటనవేలు ఎటో పోయింది. అది నా చేయే వదినా. ఇన్నాళ్ళూ నాకొక్కదానికే తెలిసింది, ఎదురుగా బల్ల మీద ఉంది. కళ్ళు మూసుకుంటే ఉన్నదాని కంటే కళ్ళ ముందు ఇంకా అసహ్యంగా ఉంది.

ఆయన దానికి తోలు పట్టీలు బిగించి తన కుడి చేతికి కట్టుకున్నారు. ఊరికే చూద్దామని ఇంట్లోకి నడిచారు. కొత్త గుమ్మం దగ్గరికి వచ్చారు. అక్కడ చోటుంది, ఆయనే చేసిన చోటు. అయినా గడప దగ్గర ఆయన ఒళ్ళు ఆయన్ని అడక్కుండా పక్కకి తిరిగింది. తిరిగి అలాగే నిలబడిపోయారు. నా వైపు చూశారు.

"ఇన్నాళ్ళూ ఇదా?"

"ఇన్నాళ్ళూ ఇదే."

ఇక్కడితో కథ కంచికి పోయిందనుకుంటారు మీరు. నేనూ అనుకున్నాను. ఆ పూట ఆయన నా ఎడమవైపు కూర్చుని తిన్నారు. మర్నాటి నుంచి మొదలైంది. ఆ చెక్క చేతిని చంకలో పెట్టుకుని వీధంతా తిప్పారు. పైవాటా ఆవిడ దాన్ని తడిమి తడిమి చూసి, "అయ్యో తల్లీ, ఇంత బాధ పడుతున్నావా, మాకు తెలీనే తెలీదు" అని కళ్ళు ఒత్తుకుంది. తెలీనే తెలీదట. టేపు పెట్టిన రోజు గుమ్మంలో నిలబడింది తనే కదా. ఎదురింటావిడ కూర గిన్నె తెచ్చింది. మా యజమాని కబురంపాడు, చెయ్యి ఆడకపోయినా వచ్చి కూర్చుని కొత్తవాళ్ళకి పని చెప్పమని. తమ్ముడు ఫోను చేసి ఏడ్చాడు, "అక్కా, బావ అంతా చెప్పాడు" అని. మందిరంలో నా కోసం ప్రత్యేకంగా ప్రార్థన పెట్టారు. ఊరంతా నమ్మేసింది. నేను ఏడాది పాటు నోటితో చెప్పింది వారం తిరక్కుండా ఒక చెక్క చెప్పేసింది.

సంతోషించాలి కదా నేను. నొప్పి వీసమంత తగ్గకపోయినా సంతోషించాలి కదా. దానికి బదులు నాలో ఏదో లేచింది వదినా. పేరేంటో మొదట తెలీలేదు, నాకు అలవాటు లేదు. ప్రార్థనలో కూర్చుని వెతుక్కుంటే తెలిసింది. కోపం. ఆ పలక మీద ఆయన గీసింది నేను చెప్పిన మాటలే కదా. నా నోట్లో ఉన్నప్పుడు పిచ్చి అయినవి చెక్కలోకి వెళ్ళగానే నిజం ఎలా అయ్యాయి? నేను కట్టెదుట ఉన్నాను. నా మాట ఉంది, నా ఏడుపు ఉంది, నా ముడుచుకుపోయిన ఒళ్ళుంది. అవేవీ చాలలేదు.

నిన్న ఆయన అడిగేశారు. "నమ్ముతున్నాను కదే. ఇంకా ఆ మొహం ఏంటి?"

"మీరు చెక్కని నమ్మారు."

"చెక్కనైతేనేం, నమ్మాను కదా."

"నేనుండగా చెక్క కావలసి వచ్చింది మీకు."

ఆయన తల వంచుకుని గోళ్ళలో ఇరుక్కున్న పొట్టు తీసుకుంటూ కూర్చున్నారు. కాసేపటికి, "నాకు తెలిసింది చెక్కొక్కటే" అన్నారు. అది నిజం వదినా. అబద్ధమైతే ఇంకో నాలుగు మాటలనేదాన్ని. నిజమయ్యేసరికి ఎటూ పోయే దారి లేక కోపం లోపలే ఉండిపోయింది. ఆయన చెడ్డవాడు కాదని నాకు తెలుసు. ఆయన అంత కష్టపడి చేతికి అందేలా చేసుకుంటే గానీ నేనున్నానని ఆయనకి తెలీదు. అదే మింగుడు పడట్లేదు. రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను, ఈ మనిషిని క్షమించే మనసు ఇవ్వమని. పెదాలు అడుగుతున్నాయి. లోపలి మనిషి ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకున్నట్టు నటించి దేవుడి ముందు కూడా బాగున్నాననడం నాకు ఇష్టం లేదు.

పొద్దున ఆయనే, "మీ తమ్ముడికి చెప్పేశాను. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నీ ఇంట్లో నువ్వుండు" అన్నారు. మొదటి ఉత్తరంలో నేను మిమ్మల్ని అడిగింది ఈ మాట కోసమే. ఆయన అలా అనగానే నా నోట్లోంచి, "వదిన దగ్గరికి వెళతాను" అని వచ్చింది.

"పంపనంటున్నాను కదా!"

"మీరు పంపట్లేదండీ. నేను వెళుతున్నాను."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

బండి దాకా వస్తానన్నారు. సరే, ఎడమవైపు నడవండి అన్నాను.

మీ దగ్గరికే ఎందుకంటే, మీరు నా చేయి చూడలేదు. కొలవలేదు. ఏ చెక్కా మీకు చూపించలేదు. అర్థం కాలేదు గానీ నిజమే అన్నారు. నాకు అర్థం చేసుకునేవాళ్ళు ఇప్పుడు వీధినిండా ఉన్నారు వదినా. అర్థం కాకపోయినా నమ్మింది మీరొక్కరే. ఆ మాట ఉన్న ఇంట్లో కొన్నాళ్ళు కూర్చోవాలనుంది. భయం లేదని కాదు. మీ ఇంట్లో ఏ గోడ ఎక్కడుందో నాకు తెలీదు. గుమ్మాల దగ్గర తడబడతాను. పిలిస్తే ఉలిక్కిపడతాను. మీ గాజు గ్లాసులు ఒకటో రెండో పగలగొడతాను. మీకు కోపం వస్తే నోరారా తిట్టండి, పడతాను. చూపించమని మాత్రం అడక్కండి.

శనివారం వచ్చే
మీ మరదలు